మాత్రకు ముందు, మాత్రకు తర్వాత

ఐదుంబావు. తెనాలి ఐతానగర్‌లో బాబాయి వాళ్లింట్లో ఇంకా లైటు వేయలేదు. వీధి చివర పాల ప్యాకెట్ల ట్రేలు దించుతున్న చప్పుడు. స్టేషన్ వైపు నుంచి గూడ్సు బండి కూత. బాబాయి మెలకువగానే ఉన్నాడు. కళ్లు తెరిచి అరగంటైందట. పక్కకి ఒత్తిగిలాలని చూస్తున్నాడు. దుప్పటి కింద భుజం కదిలింది, ఆగింది. మళ్లీ కదిలింది. నడుము మాత్రం భుజంతో రాలేదు. నేను లేవబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"ఉండవే. ముందు ఫోను."

ఈ ఇంట్లో రోజు ఇలా మొదలవుతుంది. కాఫీ తర్వాత, మాత్ర కూడా తర్వాతే. రాత్రి తొమ్మిదిన్నరకి వేసుకున్న మాత్ర బలం ఎప్పుడో అయిపోయింది. పొద్దుటి మాత్ర ఇంకా పడలేదు. ఆయన ఒంట్లో మందు అతి తక్కువగా ఉండే వేళ ఇది. జబ్బు ఉన్నదున్నట్టు కనపడాలంటే ఇప్పుడే చూడాలి. ఈ వేళకి ఏ ఓపీ తలుపూ తెరిచి ఉండదు, ఏ న్యూరాలజిస్టూ మంచం పక్కన ఉండడు. ఉన్నది పిన్ని, ఈ వారం సెలవు పెట్టి వచ్చిన నేను, ఛార్జింగ్ నుంచి తీసిన ఫోను.

చెరోపక్కా పట్టి లేపి కూర్చోబెట్టాం. ఎదురుగా స్టూలు వేసి ఫోను బల్లపరుపుగా పెట్టింది పిన్ని. జారకుండా కింద తడి గుడ్డ. తెర మీద రెండు గుండ్రాలు, ఒక్కోటీ రూపాయి బిళ్లంత. చూపుడు వేలు ఒకదాని మీద, మధ్యవేలు రెండోదాని మీద. ఇరవై సెకన్లపాటు మార్చి మార్చి కొట్టాలి. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమ. జబ్బు మొదట పట్టింది ఎడమచేతినే.

టక్. టక్. టక్. టక్.

మొదటి నాలుగైదు దెబ్బలు బాగానే పడ్డాయి. ఆ తర్వాత వేళ్లు లేచే ఎత్తు తగ్గుతూ వచ్చింది. ఎనిమిదో సెకనుకల్లా అవి తెర మీంచి లేవడం మానేసి దాని మీదే పాకుతున్నాయి. పన్నెండో సెకన్లో ఆగిపోయాయి. వాటిని కదలమని బాబాయి గట్టిగా చెబుతున్నాడని ఆయన మెడ నరం చూస్తే తెలుస్తుంది. వేళ్లు వినలేదు. పక్కన బొటనవేలు మాత్రం తనంతట తాను వణుకుతోంది. చివర్లో ఇంకో రెండు దెబ్బలు. టైమైపోయింది. తెర మీద అంకె: 26.

"రాసుకో" అన్నాడు బాబాయి. ఫోనే రాసుకుంటుందని ఆయనకి తెలుసు. అయినా అంటాడు.

ముప్పై నాలుగేళ్లు తపాలా శాఖలో చేసి సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాడు. చిన్నప్పుడు వేసవి సెలవులకి వస్తే పోస్టాఫీసులో ఆయన బల్ల పక్కన కూర్చుని సీలు కొట్టడం చూసేదాన్ని. సిరా మెత్త మీద ఒకటి, కవరు మీద ఒకటి. మెత్త మీద ఒకటి, కవరు మీద ఒకటి. ఎడమచేత్తో కవర్లు జరుపుతూ, కుడిచేత్తో కొడుతూ, మధ్యలో తలెత్తి కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లతో మాట్లాడుతూ. చెయ్యి తప్పేది కాదు. ఈ రెండు గుండ్రాలూ చూస్తే నాకు ఆ మెత్త, ఆ కవరు గుర్తొస్తాయి. ఆయనకీ గుర్తొస్తాయేమో. అడగలేకపోయాను.

మన వైపు దీన్ని వణుకుడు రోగం అనేస్తారు. పేరు వణుకుకి కట్టారుగానీ వణుకు లేకుండా కూడా పార్కిన్సన్స్ వస్తుంది. నెమ్మదించడం లేకుండా మాత్రం రాదు. ఒకే పనిని పదేపదే చేయబోతే కదలిక చిన్నదవుతూ, మందగిస్తూ, చివరికి ఆగిపోవడం, ఇందాక ఆ వేళ్లలో నేను చూసింది, అదే ఈ జబ్బు గుర్తు. మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి చోట డోపమైన్ తయారు చేసే కణాలు ఒక్కొక్కటే చనిపోతుంటాయి. మనిషికి ఏదో తేడాగా ఉందని అనుమానం వచ్చేసరికే వాటిలో చాలా భాగం పోయి ఉంటాయి. పోయినవి తిరిగి రావు. లెవోడోపా మాత్ర ఆ లోటును కొన్ని గంటలపాటు పూడుస్తుంది, అంతే. మొదట్లో ఒక మాత్రకీ ఇంకో మాత్రకీ మధ్య తేడా తెలిసేది కాదు. ఏళ్లు గడిచేకొద్దీ మాత్ర పనిచేసే గంటలు కుదించుకుపోతాయి. బాబాయికి ఇది తొమ్మిదో ఏడు.

"ఇప్పుడు 'ఆ'" అంది పిన్ని.

ముందు ఫ్యాను ఆపింది. వంటింట్లోకెళ్లి కుక్కరు కింద మంట ఆర్పి వచ్చింది. గొంతు పరీక్షకి ఇంట్లో చప్పుడు ఉండకూడదు. బయట కాకి అరుస్తోంది, దాన్ని మేమేమీ చేయలేం. బాబాయి ఊపిరి పీల్చుకుని ఫోను ముందు "ఆ..." అన్నాడు. పది సెకన్లు సాగదీయాలి. మూడో సెకనుకి గొంతు సన్నబడింది. ఆరో సెకనుకి గాలి మాత్రమే వచ్చింది. ఎనిమిదిలో అదీ లేదు. వరండాలో కూర్చున్నవాళ్లకి వినపడేలా మనియార్డరు పేర్లు పిలిచిన గొంతు. ఈ జబ్బులో మాట చిన్నదైపోతుంది, కానీ మాట్లాడేవాళ్లకి తాము మామూలుగానే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకే బాబాయికి చాలాకాలం పిన్నికి చెవుడొచ్చిందేమోనని అనుమానం. ఫోనులో రికార్డు వినిపించాకే నమ్మాడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదని పిన్ని చెప్పింది.

ఈ వేళ్లు కొట్టడం, 'ఆ' అనడం, నడిచి చూపడం బాబాయి కూతురు, అంటే మా చెల్లి, కనిపెట్టినవేమీ కావు. 2015 మార్చిలో అమెరికాలో సేజ్ బయోనెట్‌వర్క్స్ అనే పరిశోధన సంస్థ 'ఎంపవర్' అని ఒక ఐఫోన్ యాప్ విడుదల చేసింది. వేలమంది ఇల్లు కదలకుండా అందులో చేరారు, జబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ. పరీక్షలు ఇవే, వీటితోపాటు జ్ఞాపకశక్తికి ఒకటి. ఆ యాప్ అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇప్పుడు చేస్తున్నది మాత్రకు ముందా, మాత్రకు తర్వాతా? డాక్టరు గదిలో ఈ ప్రశ్నకి జవాబు అపాయింట్‌మెంట్ టైము నిర్ణయిస్తుంది. ఇంట్లో అయితే రోగి చేతిలో ఉంటుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ల కోసం రోష్ కంపెనీ 'ఫ్లడ్‌లైట్' అని తెచ్చిన యాప్‌లో తెర మీద కనపడే టమాటాలను రెండు వేళ్ల మధ్య చిదమాలి, నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరగాలి. నరాల జబ్బుల్లో ఏ మార్పూ ఒక్కరోజులో రాదు. రోజుకి ఇసకరవ్వంత. అంత చిన్న తేడాను కంటితో పట్టడం కష్టం. డాక్టర్లు వాడే కొలతలో ఒక్కో పనికీ సున్నా నుంచి నాలుగు దాకానే అంకెలు. రెండుకీ మూడుకీ మధ్య ఒక మనిషి చొక్కా గుండీలు పెట్టుకోవడం మర్చిపోవచ్చు.

ఐదూ నలభై. మాత్ర. పిన్ని గ్లాసు పెదవుల దగ్గర పెట్టింది. ఇక ఆగాలి. ఇడ్లీ సిద్ధంగా ఉన్నా అరగంట దాకా ముట్టుకోకూడదు. పప్పు, పెరుగు, పాలు, వీటిల్లోని ప్రొటీను పేగుల్లోంచి లోపలికి పోయే దారీ, మాత్ర పోయే దారీ ఒకటే. రెండూ ఒకేసారి వస్తే మాత్ర వెనకబడిపోతుంది.

మంచం అంచున కూర్చున్నాడు. ముఖంలో ఏమీ కదలడం లేదు. రెప్పలు కూడా ఎప్పుడో ఒకసారి ఆరుతున్నాయి. నిరుడు నవంబరులో పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ ఫోనులో చేయబోతే కెమెరా కళ్లు ఆర్పమంది. వేలిముద్ర పడక ముఖం చూపిద్దామంటే ఇది. బాబాయి కెమెరాకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు. మనిషి బతికే ఉన్నాడని నిరూపించడానికి ఆ పూట మూడుసార్లు ప్రయత్నించారు. చివరికి మాత్ర వేసుకున్న గంటకి మళ్లీ కూర్చుంటే ఒక్క దెబ్బకి అయిపోయింది. అదే మనిషి, అదే ముఖం, అదే ఫోను.

ఆరూ పద్దెనిమిది. నేను బాబాయి పాదాలకేసి చూస్తున్నాను. కుడికాలి వేళ్లు మొదట విచ్చుకున్నాయి. తర్వాత భుజాలు కిందికి దిగాయి, ఎవరో చొక్కా వెనక నుంచి పట్టుకుని వదిలినట్టు. ఆయన తనంతట తాను చెయ్యెత్తి ముక్కు గోక్కున్నాడు.

"కరెంటొచ్చింది" అన్నాడు.

ఈ ఇంట్లో వాడే మాట అది. డాక్టర్లు 'ఆన్', 'ఆఫ్' అంటారు. పిన్నికి ఆ మాటలు అలవాటు కాలేదు. కరెంటొచ్చింది, కరెంటు పోయింది, లో-వోల్టేజీగా ఉంది. చెల్లి హైదరాబాదులో తయారు చేసిన పట్టికలో కూడా ఇవే మాటలు. అది చూసిన డాక్టరు గారు కూడా ఇప్పుడు ఇవే వాడుతున్నారట.

మళ్లీ గుండ్రాలు. ఈసారి ఎడమచెయ్యి 71. దాదాపు గంట క్రితం ఇరవై ఆరు దగ్గర నిలబడిపోయిన చెయ్యి.

తర్వాత నడక. నడిచేటప్పుడు ఫోను ఒంటి మీదే ఉండాలి. అందులోని సెన్సరు సెకనుకి వంద సార్ల దాకా ఊపును కొలవగలదు, అడుగు అడుగుకీ పడే కుదుపు, తిరిగేటప్పుడు పట్టే సమయం అన్నీ దానికి తెలుస్తాయి. యాప్ చేసినవాళ్లు "ప్యాంటు జేబులో పెట్టుకోండి" అని రాశారు. బాబాయి కట్టేది లుంగీ. రిటైరయ్యాక ఆయన ప్యాంటు వేసుకున్నది పెళ్లిళ్లకీ ఆస్పత్రికీ మాత్రమే. రోజుకి రెండుసార్లు ఫోను కోసం ప్యాంటు తొడగడం ఎవరివల్లా కాదు. పిన్ని పాత జాకెట్టు గుడ్డతో చిన్న సంచి కుట్టి, బొందు ఎక్కించి, నడుముకి కట్టింది. ఎప్పుడూ ఒకే చోట, కుడి తుంటి మీద. చోటు మారితే లెక్క మారుతుందని చెల్లి చెప్పింది కాబట్టి సంచి ఎక్కడుండాలో లుంగీ మడత మీద దారంతో గుర్తు కూడా కుట్టింది.

హాలు చివరి నుంచి వీధి గుమ్మం దాకా, మళ్లీ వెనక్కి. మొదటి ఆరడుగులు హాయిగా పడ్డాయి. ఎడమచెయ్యి మాత్రం ఊగదు, పక్కన వేలాడుతుంది. గడప దగ్గరికొచ్చాడు. కాళ్లు నేలకి అంటుకుపోయాయి. మడమలు లేస్తున్నాయి, ముంగాళ్లు లేవడం లేదు. ఒళ్లు ముందుకి వెళుతోంది, కాళ్లు రావడం లేదు. నా గుండె ఆగినంత పనైంది. పిన్ని పట్టుకోలేదు.

"గీత చూడండి" అంది, మెల్లగా.

గడపకి ఇవతల నేల మీద తెల్లటి గీతలున్నాయి, అడుగుకొకటి చొప్పున, వీధి అరుగు దాకా. సున్నంతో గీసింది. నేను వచ్చినప్పుడు చూసి ముగ్గేమో, మధ్యలో ఆపేసిందేమో అనుకున్నాను. బాబాయి మొదటి గీతకేసి చూశాడు. దాన్ని దాటాలి అనుకున్నాడు. కాలు లేచింది. రెండోది. మూడోది. నడవమంటే రాని కాలు, గీత దాటమంటే వస్తుంది. మామూలుగా మనం ఆలోచించకుండా వేసే అడుగు మెదడులో ఒక దారిన నడుస్తుంది. ఆ దారి మూసుకుపోయినప్పుడు, కంటికి కనపడే గీత ఇంకో దారి తెరుస్తుంది. ఫిజియోథెరపిస్టు పసుపు టేపు అంటించమన్నాడట. టేపు తడిబట్ట పెడితే ఊడొస్తోందని పిన్ని సున్నం తెచ్చింది.

గడప దగ్గర నిలబడిపోయిన పదకొండు సెకన్లు తుంటి మీది ఫోనులో పడ్డాయి. గీత పడలేదు. "గీత చూడండి" అన్న మాట పడలేదు.

ఇంత తతంగం ఎందుకు మొదలైందో చెప్పాలి. రెండేళ్ల క్రితం దాకా ఆర్నెల్లకోసారి హైదరాబాదు వెళ్లేవాళ్లు. తెల్లవారుజామున రైలు, చెల్లి వాళ్లింట్లో రాత్రి బస, మర్నాడు పొద్దున ఆస్పత్రి బెంచీ మీద నాలుగు గంటలు. డాక్టరు గారి ముందుకు వెళ్లేసరికి మాత్ర పట్టి ఉండేది. పైగా కొత్త మనిషి ముందు, పరీక్ష అన్నప్పుడు, ఈ జబ్బున్నవాళ్లకి ఎక్కడ లేని సత్తువా వస్తుంది. బాబాయి లేచి నిలబడి, గదిలో అటూ ఇటూ చకచకా నడిచి, గుప్పిట మూసి తెరిచి చూపించి "బాగానే ఉందండీ" అనేవాడు. "ఇంట్లో ఇలా ఉండరండీ" అని పిన్ని. పది నిమిషాలు అయిపోయేవి. బయటికొచ్చి లిఫ్టు ముందు కాళ్లు కరుచుకుపోయి నిలబడిపోయేవాడు. పిన్ని ఏడ్చేది. తన మాట అబద్ధం అయిపోయిందని ఏడ్చేది.

డాక్టరు తప్పు కాదు, ఆయన కళ్ల ముందు ఉన్నదే ఆయన చూశారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు ఈ జబ్బు గురించి తొలిసారి పుస్తకం రాసినప్పుడు ఆయన చూపించింది ఆరుగురిని. వాళ్లలో కొందరు ఆయనకి వీధిలో ఎదురుపడ్డవాళ్లు, ఒకరినైతే దూరం నుంచి చూశాడంతే. నడుము ముందుకు వంచి పరుగులాంటి అడుగులతో పోతున్న మనుషుల్ని వాళ్లు బతికే చోట చూసి రాశాడు. ఇన్నేళ్ల తర్వాత మనం వాళ్లను గదిలోకి పిలిచి చూస్తున్నాం. ఫోను ఆ చూపును మళ్లీ వీధిలోకీ ఇంట్లోకీ తీసుకెళ్లిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

2020 మార్చిలో ప్రభుత్వం దూరవైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చాక వీడియోలో చూపించుకోవడం జనానికి అలవాటైంది. చెల్లి అప్పుడు మొదలుపెట్టలేదు. లిఫ్టు ముందు పిన్ని ఏడ్చిన రోజు మొదలుపెట్టింది. ఫోనులో యాప్ ఎక్కించింది. రోజుకి నాలుగుసార్లు, ఒక్కోటి పావు నిమిషం, వీడియో తీసి వాట్సాప్‌లో పంపమంది. ఎన్నింటికి మాత్ర, ఎన్నింటికి అన్నం, ఎన్నింటికి కరెంటొచ్చింది, ఎన్నింటికి పోయింది. ఆరు వారాలు. అప్పుడు కనపడింది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఒక గుంట. దాదాపు రోజూ. ఒంటిగంట మాత్ర అసలు పనే చేయడం లేదు. ఎందుకంటే పిన్ని దాన్ని అన్నంతోపాటే ఇస్తోంది, ఖాళీ కడుపుతో మందు మంచిది కాదని. ముద్దపప్పు, చివర్లో గడ్డపెరుగు. డాక్టరు గారు మోతాదు పెంచలేదు. మాత్రను అన్నానికి ముందుకి జరిపారు. గుంట పూర్తిగా పూడలేదుగానీ సగానికి తగ్గింది. బాబాయి మధ్యాహ్నం పేపరు చదువుకోగలుగుతున్నాడు. పెద్ద మాటలేవీ అక్కర్లేదు, పేపరు పేజీ తనే తిప్పుకుంటున్నాడు.

ఇలా చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. దసరా ముందు ఒకరోజు బాబాయి ఫోను దిండు కింద దాచేశాడు. పిన్ని ఎంత వెతికినా ఇవ్వలేదు. చెల్లి ఫోన్ చేస్తే అన్నాడట: "రోజూ పొద్దున్నే లేపి నువ్వు నిన్నటికన్నా తగ్గావని చెప్పే మనిషిని ఇంట్లో ఎవరైనా పెట్టుకుంటారా అమ్మా?" చెల్లి దగ్గర జవాబు లేదు. నాలుగు రోజులు ఎవరూ ఏమీ కొలవలేదు. అమెరికా యాప్‌లోనూ అంతే, ఉత్సాహంగా చేరినవాళ్లలో చాలామంది కొన్నాళ్లకే ఆపేశారు. తగ్గని జబ్బును రోజూ అద్దంలో చూసుకోవడానికి మనిషికి ఎంత గుండె కావాలో యాప్ చేసేవాళ్లు ఆలోచించాలి. ఇప్పుడు ఆ రోజుటి అంకె మాత్రమే ఆయనకి కనపడుతుంది. వారాల గీత చెల్లికీ డాక్టరుకీ వెళుతుంది. ఆయన అడిగితే చూపిస్తారు. అడగడు.

ఫోనుకి చిక్కనివి ఇంకా ఉన్నాయి. కిందటి నెలలో బాత్రూములో పడ్డాడు, అప్పుడు ఫోను ఛార్జింగులో ఉంది. ఎంగిలి కారుతుందని పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాడు, దానికి సెన్సరు లేదు. కరివేపాకు పోపు వాసన తెలియదు. నిద్రలో కేకలేస్తాడు. బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు తిప్పిపంపారు, ఎందుకంటే ఆయన సంతకం ఇప్పుడు చీమలబారంత. ఇవన్నీ పిన్ని దగ్గర ఉన్నాయి, రేషన్ కార్డు కవరులో పెట్టుకున్న చిన్న పుస్తకంలో, పెన్సిలుతో. వీడియోలో డాక్టరు గారు వచ్చినప్పుడు పట్టిక చూశాక ఆయన అడిగే రెండో మాట "అమ్మగారి పుస్తకంలో ఏముంది?"

రాత్రి తొమ్మిదింబావు. చివరి మాత్రకు ముందు చివరి పరీక్ష. ఎడమచెయ్యి 33. బాబాయి ఫోను నావైపు జరిపాడు. "నువ్వు కొట్టమ్మా, చూద్దాం."

కొట్టాను. ఎడమచేత్తోనే. ఇరవై సెకన్లు ఏమీ ఆలోచించలేదు. 148. ఆయన ఆ అంకెకేసి చాలాసేపు చూశాడు. ముఖంలో ఏమీ లేదు, ఉన్నా కనపడదు. నేను చేసిన పొరపాటు నాకప్పుడు తెలియలేదు.

పది నిమిషాలకి ఫోను మోగింది. హైదరాబాదు నుంచి చెల్లి. గొంతు వేరేలా ఉంది.

"అక్కా, నాన్న ఇప్పుడు కొట్టింది చూశావా? నూట నలభై ఎనిమిది. ఎడమచెయ్యి! ఏం చేశారు? మాత్ర మారిందా?"

చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మామూలు గొంతుతో "సరే అక్కా, తీసేస్తానులే" అంది.

స్పీకరులో విన్న బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. ఏదో అన్నాడు, వినపడలేదు. పిన్ని ఫోను ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్లింది.

"తీసెయ్యకూడదు. లెడ్జరులో తప్పు పడితే చెరపకూడదమ్మా. అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన ఎవరు రాశారో రాసి సంతకం పెట్టాలి. అక్క కొట్టిందని రాయి."

"రాశాను నాన్నా" అంది చెల్లి. "చదవనా?"

"చదువు."

చదివింది. బాబాయి విని, మాత్ర కోసం చెయ్యి చాపాడు.